బెళుగుప్పకు బెలూన్ ఎప్పుడొచ్చింది?

మా అనంతపురం జిల్లా బెళుగుప్పలో మందుల అంగడి నడిపే నాలాంటోడికి గుండె వైద్యం చరిత్ర డాక్టర్ల చీటీల్లో కనబడుతుంది. ఒకప్పుడు గుండెనొప్పి చీటీ అంటే నాలిక కింద పెట్టుకునే సార్బిట్రేటు, ఒక ఆస్పిరిను, అంతే. తర్వాత్తర్వాత అటోర్వాస్టాటిన్ వచ్చింది, క్లోపిడోగ్రెల్ వచ్చింది. ఈ క్లోపిడోగ్రెల్ చీటీ తెచ్చినోళ్ళను "స్టెంటు యాడ వేయించినారు, అనంతపురంలోనా, బెంగళూరులోనా?" అని అడిగితే చాలాసార్లు ఏదో ఒక ఊరి పేరు చెబుతారు.

ఈ స్టెంటుకు ముందొచ్చిన బెలూన్ వైద్యం మొదలు గుండెలో లేదు, కాలిలో ఉంది. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే డాక్టరు, కాలు తీయించుకోనని మొరాయించిన 82 ఏళ్ళ ముసలామె తొడ రక్తనాళంలోకి సన్న గొట్టం, దాని మీంచి ఇంకాస్త లావు గొట్టం తోసి దారి చేసినాడు. ఆమె చనిపోయేదాకా సొంత కాళ్ళ మీదే నడిచింది. ఆ గొట్టం కొసకు బుడగ తగిలించినోడు ఆండ్రియాస్ గ్రుంట్జిగ్. జ్యూరిక్‌లో తన ఇంట్లో, వంటగది బల్ల మీద, భార్యనూ సహాయకురాలినీ కూర్చోబెట్టుకొని ఆ బుడగలు తయారుచేసినాడు. 1977 సెప్టెంబర్ 16న 38 ఏళ్ళ మనిషి గుండె రక్తనాళంలో దాన్ని రెండుసార్లు ఉబ్బించి దించినాడు. రొమ్ము కోయకుండానే నెత్తురు పారింది.

అయితే ఆయన దాచకుండా రాసిన లెక్క కూడా చూడాల. మొదటి 50 మందిలో పని జరిగింది 32 మందికి. ఐదుగురిని అప్పటికప్పుడు బైపాస్ ఆపరేషన్‌కు పంపాల్సొచ్చింది. బుడగ ఉబ్బితే పేరుకున్న కొవ్వు పగులుతుంది, నాళం గోడ సాగుతుంది. ఆ గోడ చీలి నాళం మూసుకుపోతే ప్రాణాల మీదికొస్తుంది. అది దాటినా, ఆరు నెలల్లో ముగ్గురిలో ఒకరికి మళ్ళీ సన్నబడేది. అందుకే 1986లో ఫ్రాన్స్‌లో జాక్ పుయెల్, నాళాన్ని తెరిచి పట్టి ఉంచే తొలి స్టెంటు పెట్టినాడు. మావోళ్ళు దీన్నే స్ప్రింగు అంటారు. 2002, 2003 నాటికి మందు పూసిన స్టెంట్లు వచ్చి, మళ్ళీ మూసుకుపోవడం బాగా తగ్గింది.

మన దేశంలో బెలూన్ పనికి ఆద్యుడు మాథ్యూ శామ్యూల్ కలరిక్కల్, 1986లో. హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి చవక స్టెంటు చేసినారు, కలాం-రాజు స్టెంటు అని. మా జిల్లాకైతే 1991 నవంబరులో, అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న పుట్టపర్తిలో సత్యసాయి పెద్దాస్పత్రి తెరిచినారు. అక్కడ బిల్లు రాసే కౌంటరే లేదు. కానీ అక్కడ వరసలో నిలబడింది నాళాలు పూడినోళ్ళే కాదు. పుట్టుకతోనే గుండెకు రంధ్రం ఉన్న పిల్లలు, కవాటాలు చెడిన ఆడోళ్ళు కూడా.

నాకు అన్నిటికంటే విచిత్రమనిపించేది 2007. ఆ మార్చి చివర్లో అమెరికాలో 'కరేజ్' అనే అధ్యయనం బయటికొచ్చింది. 2,287 మందిని చూసి తేల్చిందేమంటే, నిలకడగా ఉన్న గుండెనొప్పికి సరైన మందులు వాడుతున్నప్పుడు, పైన బెలూన్ కూడా చేసినందువల్ల చావులు గానీ గుండెపోట్లు గానీ తగ్గవు. నొప్పి మటుకు కొంతకాలం తగ్గుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఏప్రిల్ 1న, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, మా అనంతపురం. అమెరికాలో బెలూన్ అందరికీ అవసరమా అని తగువు పడుతున్న వారంలోనే, తెల్లకార్డు చూపిస్తే గుండె ఆపరేషనంట అని మావోళ్ళు తొలిసారి విన్నారు.

దాన్నిబట్టి బెలూన్ దండగ అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. గుండెపోటు వచ్చి నాళం పూర్తిగా మూసుకున్నోడికి మొదటి గంటల్లో దాన్ని మించింది లేదు. ఆ గంటలే మాకు కరువు. నొప్పి రాత్రిపూట వస్తుంది, గ్యాస్ అనుకొని సోడా తాగి తెల్లారేదాకా పండుకుంటారు. బెలూన్ చేసే గది, అంటే క్యాథ్‌ల్యాబు, ఉన్న ఊరు చేరేలోపు సగం కండ చచ్చిపోయి ఉంటుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ దగ్గరి ఆస్పత్రిలో వేసి పంపడం మాలాంటి మండలాలకు అందుకే మేలు.

2017 ఫిబ్రవరిలో కేంద్రం ధర కట్టడి చేసి, మందు పూసిన స్టెంటు 29,600 రూపాయలు దాటకూడదంది. స్టెంటు చవకైంది గానీ మాత్రలు నెలనెలా కొనాల్సినవే. కొత్త స్టెంటు లోపల నెత్తురు గడ్డకట్టకుండా ఆస్పిరినూ క్లోపిడోగ్రెలూ రెండూ కలిపి సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది, ఆస్పిరిన్ మటుకు బతికినన్నాళ్ళూ. మధ్యలో ఆపితే ఉన్నట్టుండి మూసుకుపోవచ్చు.

"ఏమప్పా, స్ప్రింగు ఏసినంక ఇంగ మాత్రలెందుకు?" అంటాడు పెద్దాయన, అర షీటు కోసివ్వమని చెయ్యి చాపి. వానలు లేని ఏడాది ఈ అర షీటు బేరాలు ఎక్కువ. నేను నిండు షీటే చేతిలో పెట్టి పద్దు రాసుకుంటాను. శెనక్కాయలు అమ్మినాక కొన్ని పద్దులు తీరతాయి, కొన్ని మరుసటేడాది పుస్తకంలోకి ఎక్కుతాయి.