ప్రసాదిత రాజ్యాంగం – ప్రజాతీర్పు : 1959 నేపాల్ పార్లమెంటు ఎన్నికలు

ఉపోద్ఘాతం

నేపాల్‌లో వయోజన ఓటుహక్కు ప్రాతిపదికపై జరిగిన మొట్టమొదటి పార్లమెంటు ఎన్నికలు 1959 ఫిబ్రవరి 18న ఆరంభమయ్యాయి. ఆ పార్లమెంటుకు ఆధారమైన రాజ్యాంగాన్ని రాజు మహేంద్ర అంతకు ఆరు రోజుల ముందు, ఫిబ్రవరి 12న ప్రకటించాడు. తాము ఎన్నుకోబోయే సభకు ఉండే అధికారాలేమిటో, వాటి పరిమితులేమిటో తెలుసుకోవడానికి ఓటర్లకు వారం రోజుల వ్యవధి కూడా లభించలేదు. ఈ ఎన్నికల ద్వారా స్పష్టమైన ఆధిక్యంతో ఏర్పడిన ప్రభుత్వం ఏడాదిన్నర దాటగానే రద్దయింది. పార్లమెంటుకు అధికారం ఎవరి నుంచి సంక్రమించిందనే ప్రశ్నను కేంద్రంగా చేసుకొని ఈ పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

వాగ్దానం, మార్పు

1846 నుంచి నేపాల్ పాలనాధికారం రాణా వంశానికి చెందిన ప్రధానమంత్రుల చేతిలో వంశపారంపర్యంగా కొనసాగింది. రాజు నామమాత్రుడిగా మిగిలాడు. 1950–51 ఉద్యమం ఈ వ్యవస్థను కూలదోసింది. 1951 ఫిబ్రవరి 18న రాజు త్రిభువన్ చేసిన ప్రకటన ప్రకారం, ప్రజలు ఎన్నుకున్న రాజ్యాంగ పరిషత్తు రూపొందించే రాజ్యాంగమే దేశానికి ఆధారం కావాలి. కానీ తరువాతి సంవత్సరాల్లో మంత్రివర్గాలు మారాయే తప్ప ఎన్నికలు జరగలేదు.

1955లో సింహాసనమెక్కిన మహేంద్ర రాజ్యాంగ పరిషత్తుకు బదులు పార్లమెంటుకు ఎన్నికలు జరిపే దిశగా అడుగులు వేశాడు. 1957 చివర రాజకీయ పక్షాలు చేపట్టిన సత్యాగ్రహ ఉద్యమం ఎన్నికల తేదీని సాధించింది గాని పరిషత్తును సాధించలేదు. రాజు నియమించిన సంఘం ముసాయిదాను సిద్ధం చేసింది. ఆ రచనలో బ్రిటిష్ రాజ్యాంగ నిపుణుడు ఐవర్ జెన్నింగ్స్ సహకారం ఉంది. తొలుత రాజ్యాంగ పరిషత్తును కోరిన నేపాలీ కాంగ్రెస్ చివరకు పార్లమెంటు ఎన్నికలకు సమ్మతించింది. ఎనిమిదేళ్ల అనిశ్చితి తరువాత ఏదో ఒక ఎన్నిక జరగడమే మేలని భావించడం అసహజం కాదు. 1951 ప్రకటనకు ఎనిమిదేళ్లు నిండిన రోజునే పోలింగు మొదలైంది. అయితే ఆ ప్రకటనలోని మూల వాగ్దానం అప్పటికే మారిపోయింది.

ఫలితాల స్వరూపం

రవాణా సదుపాయాలు మృగ్యమైన పర్వత ప్రాంతాల దృష్ట్యా పోలింగును విడతలుగా నిర్వహించారు. అది ఏప్రిల్ తొలివారం వరకు సాగింది. సుమారు 42 లక్షల మంది ఓటర్లలో దాదాపు 18 లక్షల మంది ఓటు వేశారు. ప్రతినిధి సభలోని 109 స్థానాలలో నేపాలీ కాంగ్రెస్ 74, గోర్ఖా పరిషత్ 19 గెలుచుకున్నాయి. కమ్యూనిస్టు పార్టీకి 4 స్థానాలు దక్కాయి. మాజీ ప్రధానులు టంక ప్రసాద్ ఆచార్య, కె.ఐ. సింగ్ ఓడిపోయారు. మే 27న బిశ్వేశ్వర ప్రసాద్ కొయిరాలా ప్రధానమంత్రి అయ్యారు. కథకుడిగా కూడా ప్రసిద్ధుడైన కొయిరాలా నేపాల్‌లో ప్రజలెన్నుకున్న తొలి ప్రధాని.

ఈ విజయాన్ని అంచనా వేసేటప్పుడు రెండు అంకెలను కలిపి చూడాలి. నేపాలీ కాంగ్రెస్‌కు మూడింట రెండు వంతులకు పైగా స్థానాలు లభించినా, పోలైన ఓట్లలో దాని వాటా సుమారు 37 శాతమే. ప్రత్యర్థుల ఓట్లు చీలిపోవడం ఆ పార్టీకి కలిసివచ్చింది. సభలో కనిపించిన బలం సమాజంలో అంతే గాఢంగా వేళ్లూనుకోలేదు.

అధికార మూలం

1959 రాజ్యాంగం రాజు తన వంశానుగత సార్వభౌమాధికారంతో ప్రజలకు ప్రసాదించినది. సైన్యంపై ఆధిపత్యం ఆయనదే. ఎగువ సభ అయిన మహాసభలోని 36 మందిలో సగం మందిని ఆయనే నియమిస్తాడు. 55వ అధికరణం అత్యవసర పరిస్థితిని ప్రకటించే అధికారాన్ని ఆయనకు అప్పగించింది. ఇచ్చిన చేతికే తిరిగి తీసుకునే వీలు ఆ పత్రంలోనే ఉంది.

కొయిరాలా ప్రభుత్వం భూవ్యవస్థపై చేయి వేసింది. రాజులు తమ ఆశ్రితులకు ఇచ్చిన బిర్తా భూములు తెలుగునాట ఇనాములను పోలినవి, అధికభాగం పన్ను లేనివి. 1959లో వాటి రద్దుకు చట్టం రావడంతో భూస్వామ్య వర్గాల వైరం తీవ్రమైంది. 1960 డిసెంబరు 15న మహేంద్ర 55వ అధికరణాన్ని ప్రయోగించి ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశాడు, పార్లమెంటును రద్దు చేశాడు, ప్రధానిని నిర్బంధించాడు. 1961 జనవరిలో రాజకీయ పక్షాలు నిషేధానికి గురయ్యాయి. కొయిరాలా ఎనిమిదేళ్లు సుందరీజల్ చెరలో గడిపారు. 1962లో రాజు మరో రాజ్యాంగాన్ని ప్రకటించాడు. తెలుగు పాఠకులకు గ్రామ స్వపరిపాలనను స్ఫురింపజేసే ‘పంచాయతీ’ అనే మాట, నేపాల్‌లో 1990 వరకు పార్టీరహిత రాచపాలనకు పేరైంది.

రాజ్యాంగ పరిషత్తు ఏర్పడి ఉంటే ఈ పరిణామం తప్పేదని నిశ్చయంగా చెప్పలేం. సైన్యం, భూస్వామ్య వర్గాలు రాజుకు అండగా ఉన్నాయి. అయినా ఒక భేదం స్పష్టం. పరిషత్తు రూపొందించిన రాజ్యాంగాన్ని కాలరాయాలంటే రాజు దాన్ని బాహాటంగా ఉల్లంఘించవలసి వచ్చేది. ప్రసాదిత రాజ్యాంగం ఆ చర్యకు చట్టబద్ధత ముసుగు తొడిగింది.

ముగింపు

1990 ప్రజా ఉద్యమం బహుళ పార్టీ వ్యవస్థను పునరుద్ధరించినా, ఆ ఏటి రాజ్యాంగాన్ని కూడా నియమిత సంఘమే రచించగా రాజు ప్రకటించాడు. 2006 ప్రజా ఉద్యమం తరువాతే రాజ్యాంగ పరిషత్తు సాకారమైంది. 2008 ఏప్రిల్ 10న ఎన్నికలు జరిగాయి, మే 28న తొలి సమావేశంలోనే రాచరికం రద్దయింది. 1951లో చేసిన వాగ్దానం నెరవేరడానికి 57 ఏళ్లు పట్టింది. రాజ్యాంగం 2015లో, రెండో పరిషత్తు ద్వారా గాని వెలువడలేదు. 1959 ఓటరు తన ప్రతినిధిని ఎన్నుకోగలిగాడు గాని, ఆ ప్రతినిధిని కాపాడే శాసనాన్ని రచించుకొనే అవకాశం పొందలేదు. నేపాల్ తొలి పార్లమెంటు పతనాన్ని వ్యక్తుల స్పర్ధగా మాత్రమే చదివితే ఈ మూలకారణం మరుగున పడుతుంది.