పైపు కదిలితే బండి ఆగుతుంది

రైల్వే బ్రేకుల చరిత్ర ఎవరు రాసినా జార్జ్ వెస్టింగ్‌హౌస్ దగ్గర మొదలెట్టి ఆయన దగ్గరే ఆపేస్తారు. గొప్పోడే, కాదనను. 1869లో ఎయిర్ బ్రేకుకి పేటెంటు వచ్చేటప్పటికి ఆయన వయసు 22. కానీ ఆ గాలిని ఇంజను నుంచి చివరి పెట్టె దాకా మోసేది ఒక ఇనప గొట్టం. ఆ గొట్టాన్ని పెట్టె చట్రానికి పట్టి ఉంచేది ఓ చిన్న క్లాంపు. దాన్నెవరూ పట్టించుకోరు.

ఎయిర్ బ్రేకు రాకముందు అమెరికాలో గూడ్సు బండి ఆపాలంటే బ్రేక్‌మన్లు పెట్టెల కప్పుల మీద పరిగెడుతూ, ఒక్కో పెట్టె దగ్గరా చక్రం తిప్పి బ్రేకు బిగించాలి. రాత్రైనా, మంచు కురుస్తున్నా సరే. కాలు జారితే అంతే సంగతులు. ఐయోవా రైతు లొరెంజో కాఫిన్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 1893లో సేఫ్టీ అప్లయన్స్ చట్టం వచ్చింది. బ్రేక్‌మన్ల చేతిబ్రేకులతో పనిలేకుండా డ్రైవరే బండిని అదుపు చెయ్యగలిగేలా, సరిపడినన్ని పెట్టెలకి పవర్ బ్రేకులుండాలని శాసించారు.

ఇక అక్కణ్ణుంచి అసలు తలనొప్పి.

వెస్టింగ్‌హౌస్ 1872లో మార్చిన లాజిక్ ఏంటంటే, గొట్టంలో ప్రెషర్ తగ్గితే బ్రేకు పడుతుంది. గొట్టం తెగిందా, బండి దానంతటదే ఆగుతుంది. మన భాషలో ఫెయిల్ సేఫ్. బాగానే ఉంది, కానీ దీనర్థం లీకు కూడా బ్రేకు కిందే లెక్క! గూడ్సు పెట్టెల మధ్య కప్లింగుల్లో కాస్త వదులుంటుంది. పొడుగాటి బండి కదిలినా ఆగినా ఒక్కో పెట్టే దబ్బుమని కుదుపు తింటుంది. చట్రం ముందుకెళ్తుంది, గొట్టం ఉన్నచోటే ఉందామని చూస్తుంది. క్లాంపు వదులైతే గొట్టం పొడుగునా జరిగి, ఆ బలమంతా జాయింటు మీద పడుతుంది. మరలు కోసిన చోట గొట్టం గోడ పలచన కదా, పగులు అక్కడే మొదలవుతుంది.

మామూలు యూ-బోల్టుతో బిగిస్తే సరిపోదా అంటే, అదురుకి నట్టు వదులవుతుంది. పైగా పాత పెట్టెల చట్రాలు చెక్కవి. చెక్క ఎండి కుంచించుకుపోతే నట్టు కదలకపోయినా పట్టు పోతుంది. అందుకే వెడ్జ్ ఆలోచన నాకు భలే నచ్చింది. గొట్టానికీ బ్రాకెట్‌కీ మధ్య ఏటవాలు ముక్క దిగ్గొడితే, నట్టుని వదులు చేసే ఆ అదురే దీన్ని ఇంకా కిందికి దించి బిగిస్తుంది. శత్రువు చేతే చాకిరీ చేయించుకోవడమన్నమాట. తర్వాత ఉక్కు చట్రాలొచ్చాక బ్రాకెట్లని నేరుగా వెల్డింగ్ చెయ్యడం మొదలెట్టారు.

అన్నట్టు, మన దేశంలో చాలాకాలం వాక్యూమ్ బ్రేకులే రాజ్యమేలాయి. వాటి తర్వాత వచ్చిన ట్విన్ పైపు ఎయిర్ బ్రేకుల్లో బ్రేక్ పైపు 5 కిలోల ప్రెషర్‌తో, ఫీడ్ పైపు 6 కిలోలతో పక్కపక్కనే నడుస్తాయి. అంటే పట్టి ఉంచాల్సిన గొట్టాలు పెట్టెకి రెండు.