కలివికోడి

కలివికోడి తూర్పు కనుమల పాదాల దగ్గర, ముళ్లపొదల చిట్టడవుల్లో బతికే అతి అరుదైన పక్షి. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. శాస్త్రనామం రైనోప్టిలస్ బైటార్క్వేటస్. ఎదమీద అడ్డంగా రెండు పట్టీలుంటాయి, శాస్త్రనామంలోని రెండో మాటకు అర్థమూ అదే. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇంగ్లిషు పేరు జెర్డాన్స్ కోర్సర్. వైద్యుడూ ప్రకృతి శాస్త్రవేత్తా అయిన థామస్ జెర్డాన్ పేరు మీద వచ్చింది.

1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించాక మళ్లీ జాడ లేకపోవడంతో, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఇది తిరిగి దొరికింది. వెతికింది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్. ఆ వెతుకులాటలో స్థానిక పక్షివేటగాళ్ల సాయం ఉంది. ఇది రాత్రిపూట తిరిగే పక్షి, రాత్రి అడవిని ఎరిగినవాళ్లు వాళ్లే మరి. ఆ తర్వాత అక్కడి కొండలూ చిట్టడవీ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమయ్యాయి.

జీవావరణ శాస్త్రంలో 'ఆవాసం' అనే మాటకు ఎంత సూక్ష్మమైన అర్థం ఉందో ఈ పక్షిని చూస్తే తెలుస్తుంది. ఆవాసమంటే ఉండే చోటు మాత్రమే కాదు. తిండి, దాపు, గుడ్లు పెట్టే నేల, తిరగడానికి వీలు, అన్నీ కలిసి కుదరాలి. కలివికోడి రాత్రిపూట నేలమీద తిరుగుతూ పురుగుల్ని ఏరుకు తింటుంది. పొదలు మరీ చిక్కనైతే నడవలేదు, మరీ పలచనైతే దాక్కోలేదు. రెండు మీటర్లకు మించి ఎత్తున్న పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్నచోటే ఇది ఎక్కువగా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి పశువుల మేతను, వంటచెరకు కొట్టడాన్ని పూర్తిగా ఆపేసినా కొన్నాళ్లకు పొదలు కమ్ముకుపోవచ్చు. అదుపు లేకుండా వదిలేస్తే నేల బోడిదైపోతుంది. సంరక్షణలో అసలు కష్టం ఈ మధ్యస్థితిని నిలపడమే.

పెద్ద చెట్లు లేని ఇలాంటి నేలను బంజరని తీసిపారేయడం మనకు అలవాటైపోయింది. ఇది చాలా పెద్ద పొరపాటు. నిమ్మతోటలకూ పొలాలకూ కాలువలకూ ముందుగా కరిగిపోయేది ఈ చిట్టడవే. తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పక్షి ఉండే చోటికి ముప్పు తెచ్చినప్పుడు, ఆ వివాదం తర్వాత కాలువ దారి మార్చారు. కరవుసీమకు నీళ్లూ కావాలి, ఈ పక్షీ ఉండాలి. దారి మార్పు ఆ రెండింటికీ చోటిచ్చే ప్రయత్నం.

కంటికి చిక్కని ఈ పక్షి కోసం మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు వెతికారు, తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు అమర్చారు, కూత రికార్డును వినిపించి బదులు కోసం చెవి ఒగ్గారు. దీని గుడ్డు ఒకటి 2013లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో బయటపడింది. అది కలివికోడిదేనని డీఎన్ఏ పరీక్షలో తేలింది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది.