బండి వెనుకటి ఎఱ్ఱదీపము



అర్థశాస్త్రమున కౌటిల్యుడు జయింపగోరు రాజునకు ముందున్న శత్రువును గూర్చి మాత్రమే చెప్పి యూరకుండలేదు. వెనుకనుండి మీదపడు శత్రువునకు 'పార్ష్ణిగ్రాహు'డని పేరు. పార్ష్ణి యనగా మడమ. మడమ పట్టుకొనువాడు పార్ష్ణిగ్రాహుడు. వానిని గనిపెట్టక దండయాత్రకు వెడలిన రాజు చెడునని నీతిజ్ఞుల మతము. రాజ్యములు పోయినవి, దండయాత్రలు పోయినవి. కాని మా పటాన్‌చెరువు దారిని బండి నడుపువానికి పార్ష్ణిగ్రాహుని భయము నేటికిని వదలలేదు. వెనుక వచ్చు లారీయే వాని పార్ష్ణిగ్రాహుడు. భేదమొక్కటి కలదు. ఆ శత్రువు పగచే వచ్చును. ఈ లారీవానికి మనపై పగ లేదు. మనము నిలిచితిమని వానికి సకాలమున దెలియకపోవుటయే యనర్థమునకు మూలము. కావున దెలియజేయు భారము ముందున్న మనది. ఆ భారమును దీర్చుటకై మనుష్యుడు కల్పించుకొనిన సాధనముల చరిత్రమును నేడు విన్నవింతును.

పటేల్‌గూడవంటి పల్లెలలో మన పెద్దల కాలమున దారి యనగా బండ్లబాట. రాత్రివేళ బయలుదేరిన యెడ్లబండి యిరుసు క్రింద నొక కందీలు వ్రేలాడుచుండెడిది. ఆ వెలుగు దారి చూపుట కంత యక్కఱకు వచ్చెడిది కాదు. దారి యెడ్లకే తెలియును. బండి యొకటి యిచట నున్నదని యెదుటివానికిని వెనుకవానికిని జెప్పుటయే దాని ముఖ్య ప్రయోజనము. బండివాడు నిద్రించినను ప్రమాదము స్వల్పము. ఏలయన వెనుక వచ్చు బండిని లాగునవియు నెడ్లే గదా! వానికి కన్నులున్నవి, ప్రాణభీతి యున్నది. ముందు బండి నిలిచిన నవియు నిలుచును. యంత్రమునకు కన్నులు లేవు. యంత్రము బండిని లాగుట మొదలిడిన దినముననే వెనుక దీపమున కొక క్రొత్త భారము వచ్చిపడినది.

ఆ భారమును మొదట వహించినది రైలు. వాడి నుండి సికింద్రాబాదు వఱకు నిజాము రాజ్యపు రైలుమార్గము 1874వ సంవత్సరమున దెఱవబడినది. మన లింగంపల్లి స్టేషను ఆ మార్గముననే యున్నది. రైలు కడపటి పెట్టెకు రాత్రివేళ ఎఱ్ఱదీపము కట్టుట రైలువారి నియమము. ఇది వెనుక వచ్చు రైలునకు హెచ్చరిక యని మాత్రమే పలువురు తలంతురు. దాని కంతకంటె గంభీరమైన యర్థమొకటి కలదు. రైలు స్టేషను దాటునపుడు అచటి యుద్యోగి యా కడపటి గుర్తును జూచి, రైలు సమగ్రముగా వచ్చినదనియు, నడుమ నేదియు దెగి దారిలో మిగిలిపోలేదనియు నిశ్చయించుకొనును. అట్లు నిశ్చయమైన పిదపనే మఱియొక రైలును వెనుకనుండి రానిత్తురు. అనగా వెనుక దీపము 'నేనిచట ముగియుచున్నాను' అని పలుకు వాక్యము. ఇది స్థితిని జెప్పునే కాని గతిని జెప్పదు. ఈ భేదమును శ్రోతలు మనసున నుంచుకొనవలెను. తక్కిన కథ యంతయు దీనిపై నాధారపడి యున్నది.

హైదరాబాదు రాజ్యమున బస్సులు నడుపుట కూడ రైలుశాఖయే యారంభించినది. నిజాము రాష్ట్ర రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932వ సంవత్సరము జూను నెలలో 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను బయలుదేరినది. ఆ తొలి బస్సులు స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమందలి ఆల్బియన్ కర్మాగారమువారివి. 1932 నాటి ఆల్బియన్ బస్సు నొకదానిని ఆర్టీసీవారు హైదరాబాదులో బాగుచేయించి భద్రపఱచినారు. 1942లో నేర్పడిన హైదరాబాదు ఆల్విన్ కర్మాగారమువారు తరువాతి కాలమున బస్సులకు పైకట్టు నిర్మించిరి. ఆ శాఖయే 1951లో రాష్ట్రప్రభుత్వము చేతికి వచ్చి, 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మాఱినది.

ఆ పాతకాలపు బండ్లలో నిలుచుటను దెలుపు ముఖ్యసాధనము డ్రైవరు కుడిచేయి. ఆపదలచినవాడు కుడి ముంజేతిని కిటికీ వెలుపల నిట్టనిలువుగా నెత్తవలెను. మోటారు చట్టములలో నీ హస్తసంజ్ఞ నేటికిని జెప్పబడియే యున్నది. నాట్యమునందువలెనే రోడ్డు మీదను హస్తమునకు భాష యున్నదని సంతోషింపవచ్చును గాని, ఆ భాషకు రెండు లోపములు. చీకటిలోను వానలోను చేయి కానరాదు. అంతకంటె ముఖ్యమైనది రెండవది: హఠాత్తుగా నాపవలసి వచ్చినవానికి రెండు చేతులును చక్రము మీదనే యుండవలెను. సంజ్ఞ యత్యంతావశ్యకమైన క్షణముననే సంజ్ఞ చేయుటకు వాని కవకాశము లేదు.

కావున బ్రేకు నొక్కుటయే సంజ్ఞ కావలెనను నాలోచన పుట్టినది. మూకచిత్రముల కాలపు నటి ఫ్లోరెన్స్ లారెన్స్ 1914 ప్రాంతమున తన కారునకు బ్రేకు త్రొక్కగనే వెనుక 'ఆగుచున్నది' అను పలక పైకి లేచునట్టి యేర్పాటు చేసికొన్నదనియు, దానికి హక్కుపత్రము పొందలేదనియు జెప్పుదురు. క్రమముగా పలక స్థానమున విద్యుద్దీపము వచ్చినది. బ్రేకు త్రొక్కుడుబిళ్ల దగ్గరనో, బ్రేకునూనె గొట్టమునందో యొక చిన్న మీట నమర్చిరి. కాలు మోపినంతనే దీపము వెలుగును. స్థితిని జెప్పు వెనుక దీపమునకు తోడుగా గతిని జెప్పు బ్రేకుదీపము జనించినది.

కాని యిచట నొక చిక్కు కలదు. పెక్కు బండ్లలో నీ రెండు దీపములును నొకే బుడ్డిలో నుండును. దానిలో రెండు తీగచుట్టలు. వెనుక దీపమునకు 5 వాట్లు, బ్రేకునకు 21 వాట్లు. రెండును నెఱ్ఱనివే, రెండును నొకే చోటివే. వెలుగు హెచ్చినదా లేదా యని చూచువాడు పోల్చి తెలిసికొనవలెను. అద్దము మీద దుమ్ము పేరుకొన్నను, తీగ త్రుప్పుపట్టి విద్యుత్తు సరిగా నందకున్నను నా భేదము నశించును. పాత వ్యానులలో నీ బుడ్డి చిన్నది. క్రింద, బంపరు దాపున నుండును. నడుమ నొక ఆటో యడ్డు వచ్చిన నది వెనుకవానికి గానరాదు.

ఈ లోపమును దీర్చునదియే యెత్తున నుంచు మూడవ దీపము. దాని చరిత్రము వినదగినది. 1974లో జాన్ వోయెవోడ్‌స్కీ యను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున 343 టాక్సీలకు వెనుక నొక యదనపు హెచ్చరిక దీపము నమర్చి, అది లేని వేఱొక టాక్సీల సమూహముతో పోల్చి చూచెను. దీపమున్న బండ్లకు వెనుకనుండి తగులు దెబ్బలు సుమారు 60 శాతము తగ్గినవి. పిమ్మట ప్రభుత్వమువారును బరీక్షలు జరిపి, 1986వ సంవత్సరపు క్రొత్త కార్లకును, 1994 నుండి వ్యానులకును చిన్న ట్రక్కులకును మూడవ దీపమును విధించిరి. అయితే దేశమందలి కార్లలో బెక్కింటికి నది వచ్చిన తరువాత 1998లో లెక్క చూడగా తగ్గుదల 4.3 శాతము మాత్రమే. క్రొత్తదనము చూపును లాగును; అలవాటైన దానికి కన్ను మందగించును. దీనివలన నేర్వవలసినది రెండు. తొలి పరీక్ష చెప్పిన సంఖ్యను వేదవాక్యముగా గొనరాదు. అయినను, అల్పవ్యయముతో నూటికి నాలుగు ప్రమాదములు తప్పుననగా, ఆ నలుగురి యిండ్లవారికి నది యల్పము గాదు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1960 దశకమున రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారి కర్మాగారము వచ్చినది. 1972లో పటాన్‌చెరువున మెట్టపంటల పరిశోధనకై ఇక్రిశాట్ సంస్థ నెలకొన్నది. పిమ్మట మందుల కర్మాగారములు, ఇనుప కర్మాగారములు వరుసగా వెలసినవి. ఇదే జిల్లాలోని జహీరాబాదున 1980 దశకమున ఆల్విన్ వారు జపాను దేశపు నిస్సాన్ వారితో గూడి చిన్న లారీలు నిర్మించిరి; అది తరువాత మహీంద్రా వారి వశమైనది. పుణె నుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్టణము పోవు 65వ జాతీయ రహదారి యీ నడుమనే పోవుచున్నది. ఒకే బాట మీద నలువది టన్నుల లారీయు, కర్మాగారపు బస్సును, గడ్డిమోపుల ట్రాక్టరును, తాతనాటి వ్యానును నడుచుచున్నవి. వేగములు వేఱు, బరువులు వేఱు, బ్రేకుల శక్తియు వేఱు.

లెక్క చూడుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి క్షణమునకు, అనగా సెకనునకు, సుమారు 17 మీటర్లు పోవును. ఎఱ్ఱదీపమును జూచి, గ్రహించి, కాలు బ్రేకు మీదికి దెచ్చుటకు సెకనున్నర పట్టుననుకొందము. అప్పటికే 25 మీటర్లు గడచును. పొడి రోడ్డున మంచి బ్రేకులున్నను నిలుచుట కింకొక యిరువది యిరువదియైదు మీటర్లు కావలెను. బరువు లారీకి మఱింత. తీగచుట్ట బుడ్డి వేడెక్కి పూర్తిగా వెలుగుటకు సెకనులో నయిదవవంతు పట్టును. నేటి ఎల్‌ఈడీ దీపము తత్క్షణమే వెలుగును. ఈ భేదమొక్కటియే మూడు మీటర్ల పైచిలుకు. మూడు మీటర్లనగా వెనుక సీటున గూర్చున్న మనుమని ప్రాణము.

తాత కొనిన వ్యానును భద్రముగా నుంచుకొన్న గృహస్థుడొకడు, 'దీనికి దీపములు పెంచిన దీని పాతదనము చెడునా?' యని యడిగెను. ప్రశ్న న్యాయమైనదే. 2021వ సంవత్సరమున కేంద్రప్రభుత్వమువారు ఏబది యేండ్లు దాటిన బండ్లకు ప్రత్యేక నియమములు చేసిరి. అట్టి బండి మూలరూపమున నుండవలెను. దానికి 'వీఏ' యను నక్షరములు గల సంఖ్య యిత్తురు. ప్రదర్శనములకును, పోటీయాత్రలకును, ఇంధనమునకును, మరమ్మతునకును దప్ప నిత్యవ్యవహారమునకు నడుపరాదు. మఱియు 1988 నాటి మోటారు చట్టము 52వ విభాగము నిర్మాత యిచ్చిన రూపమును మార్చుటను నిరోధించుచున్నది. కాబట్టి ముందుగా రవాణా కార్యాలయమున నడిగి, పిదపనే పనికి బూనుకొనవలెను.

పని చేయించునపుడు రేకునకు రంధ్రములు పొడువనక్కఱలేదు. బంపరునకు గాని, వెనుక అద్దము లోపలివైపున గాని బిగించి, వలసినప్పుడు తీసివేయదగిన పట్టీల మీద దీపముల నిలుపవచ్చును. జీర్ణదేవాలయమునకు ఊతకఱ్ఱ పెట్టువాడు శిల్పమును జెక్కివేయడు గదా! పాతబండ్లలో గొన్నిటికి బ్యాటరీ 6 వోల్టులే. 21 వాట్ల బుడ్డి రెండు చేర్చిన నదనముగా 7 ఆంపియర్ల విద్యుత్తు కావలెను. ఆ భారమును బ్రేకు దగ్గరి చిన్న మీట మోయలేక కాలిపోవును; అప్పుడున్న దీపమును బోవును. కావున రిలే నమర్చి, ఫ్యూజు వేఱుగా బెట్టి, తగిన లావు తీగ వేయవలెను. ఎల్‌ఈడీ దీపమైన భారము స్వల్పము. అయితే ఇంగ్లండు దేశపు పాతబండ్లలో బెక్కింటికి బ్యాటరీ ధనాగ్రము చట్రమునకు గలుపబడి యుండును. ఎల్‌ఈడీ దీపమును తలక్రిందుగా గలిపిన నది వెలుగదు. ఈ సంగతి మిస్త్రీకి ముందే చెప్పవలెను. క్రొత్త దీపము లెఱ్ఱనివే కావలెను. వెనుకకు, బండిని వెనుకకు నడుపునపుడు దప్ప, తెల్లని వెలుగు చూపుటయు, ముందునకు ఎఱ్ఱని వెలుగు చూపుటయు నియమవిరుద్ధములు.

వ్యానుల మాట యుండనిండు. గ్రామపెద్దలైన మీకు ముఖ్యముగా మనవి చేయదలచినది ట్రాక్టరు ట్రాలీలను గూర్చి. చీకటివేళ వెనుక దీపము 155 మీటర్ల దూరమునకు గానరావలెనని 1989 నాటి కేంద్ర మోటారు నియమము. మన పల్లెల ట్రాలీలలో నెన్నిటికి దీపమున్నది? ఉన్నదానికి తీగ కలిసియున్నదా? దీపము కుదురకున్నను రెండు ఎఱ్ఱని ప్రతిఫలక బిళ్లలు బిగించుటకు విద్యుత్తు గూడ నక్కఱలేదు. అవి వెనుకవాని వెలుగునే వానికి దిరిగి చూపును. అయినను నవి దీపమునకు బదులు గావు, తోడు మాత్రమే.

బండి బయలుదేరునపుడు కొబ్బరికాయ కొట్టి, చక్రములక్రింద నిమ్మకాయలుంచు నాచారము మనది. ఆ సమయముననే యొకరు బ్రేకు త్రొక్కగా మఱియొకరు వెనుక నిలిచి దీపము వెలిగినదా యని చూచుటయు నాచారమున జేర్పుడు. డ్రైవరు తన బ్రేకుదీపమును దానెన్నడును జూడలేడు; దానిని జూచి చెప్పువాడు మఱియొకడు కావలసినదే.