పళ్లు లెక్కపెట్టి కొనే బేరం

జిడ్డోడుతున్న క్లచ్ ప్లేటును గోనెసంచిలోంచి తీసి బల్ల మీద పెడతారు. హైదరాబాదు పుత్లీబౌలిలోని పాతసామాన్ల కొట్టువాడు దాని నడిమి రంధ్రాన్ని గుడ్డతో తుడిచి, గోరు ఆనించి లోపలి పళ్లు ఒక్కొక్కటే లెక్కపెడతాడు. లెక్క కుదిరాక తన దగ్గరున్న ప్లేటును దాని మీద బోర్లించి అంచులు చూస్తాడు. ఒక్క పన్ను తేడా వచ్చినా షాఫ్టు మీదికి ఎక్కదు. అందుకే ఇక్కడ బండి పేరు చెప్పడం కంటే నమూనా చేత పట్టుకుని రావడమే మేలు.

మూసీకి ఇవతల గౌలిగూడ, పుత్లీబౌలి. పురానాపూల్ దగ్గర గురువారం పేరు పెట్టుకున్న జుమ్మేరాత్ బజార్. అవతల చార్మినార్ పక్కన 1892 నాటి గడియార స్తంభం నీడలో మహబూబ్ చౌక్, జనం నోట ముర్గీ చౌక్. పాత సామాను ఈ దారుల్లోనే చేతులు మారుతూ వచ్చింది. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. గౌలిగూడలోని పెద్ద ఇనుప హ్యాంగరే బస్టాండు అయింది. అది 2018 జూలై 5న కూలిపోయింది గానీ, చుట్టుపక్కల మోటారు సామాన్ల వీధులు మాత్రం కదల్లేదు. ఆనాటి ఆల్బియన్ బస్సులు స్కాట్లండ్ సరుకు. కొత్త భాగం కావాలంటే ఓడ రావాలి. పాతదాన్ని పారేసేంత ధైర్యం ఎవరికుంటుంది?

తర్వాత అంబాసిడర్ కాలం. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పోలికలతో 1958లో మొదలై 2014 దాకా తయారైన ఆ బండికి ముందు జాలీ మారింది, పేరు వెనక మార్క్ 2, మార్క్ 3 అంటూ అంకెలు మారాయి, ఒళ్లు మాత్రం పెద్దగా మారలేదు. తుక్కు వ్యాపారికి అంతకంటే వరం లేదు. చిక్కల్లా పక్కనే ఫియట్ ఉండటం. అంబాసిడర్ ఇంగ్లండు సంతతి కాబట్టి దాని నట్లు ఇంచుల లెక్క; ఇటలీ నుంచి వచ్చిన ఫియట్‌వి మిల్లీమీటర్లు. చూపుకు ఒకటిగానే ఉన్న నట్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. పానాతో బలవంతం చేస్తే చూడీలు కొట్టుకుపోతాయి.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 1986లో దాని ఒళ్లే మారిపోయింది. పేరు అదే కదా అని మొదటి బండి అద్దం కొంటే రెండోదానికి పట్టదు. మారుతి వ్యాను సంగతి ఇంకా తమాషా. రెండింటిలోనూ అదే 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్. కానీ 800లో అది అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది, వ్యానులో నిలువుగా కూర్చుని వెనక చక్రాలను. హెడ్డు ప్యాకింగ్ కుదిరిందని గేర్‌బాక్సు కూడా కుదురుతుందనుకుంటే డబ్బు నీళ్లపాలే.

కార్బ్యురేటరు పోయి కంప్యూటర్ డబ్బా వచ్చాక గోటికి పని తగ్గింది. డబ్బా మూత మీది పార్టు నంబరు అంకె అంకె పోల్చుకోవాలి, ఛాసిస్ నంబరు ఫోనులో ఫొటో తీసి చూపించాలి.

అన్నిటికంటే సులువుగా అతికేది అదే మోడల్ పాత ఇంజిన్: బోల్టులన్నీ సరిపోతాయి, పైపులన్నీ అందుతాయి. అయితే బ్లాకు మీద చెక్కిన నంబరు ఆర్‌సీలోదానితో కలవదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇంజిన్ మార్చిన 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలిపి ఆర్‌సీలో రాయించుకోవాలి. అందుకే తెలిసినవాడు బేరానికి ముందే ఆ ఇంజిన్ కాగితాలు అడుగుతాడు.