బురదలో ఉన్నదెంత, ఒంటికి పట్టేదెంత

1970లో కాలిఫోర్నియా తీరంలోని అనకాపా దీవి మీద 552 జంటల గోధుమరంగు పెలికాన్లు గూళ్లు కడితే బతికిన పిల్ల ఒక్కటే. గుడ్ల పెంకులు పలచబడి, పొదిగే పక్షి బరువుకే చితికిపోయాయి. కారణం డీడీటీ అనే పురుగుమందు. దాన్ని తయారుచేసే కార్ఖానా వ్యర్థాలు సముద్రంలోకి పోవడం ఆగింది, 1972లో ఆ మందు వాడకాన్నే అమెరికా నిషేధించింది, పెలికాన్లు కోలుకున్నాయి. 2009లో వాటిని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తీసేశారు. అదే ఏడాది కాలిఫోర్నియా ప్రభుత్వం ఆ ప్రాంతపు చేపల మీద ఇచ్చిన సూచనల్లో తెల్ల క్రోకర్ అనే చేపను అసలు తినవద్దని ఉంది. పెలికాన్ తినేది పైనీటిలో గుంపులుగా తిరిగే ఆంకోవీలను. క్రోకర్ మేసేది అడుగున, బురదలోని పురుగుల్ని. నీటి దారి మూతపడినా బురద దారి తెరిచే ఉందన్నమాట. ఈ వ్యాసం ఆ రెండో దారి గురించి.

బురదలో ఒక రసాయనం మొత్తం ఎంత ఉందో చెప్పే అంకెను బట్టి, అందులో బతికే ప్రాణి ఒంట్లోకి ఎంత ఎక్కుతుందో చెప్పలేం. బురద గుణం, ప్రాణి తిండి తీరు, దాని జీర్ణరసం, లోపలికి వచ్చినదాన్ని విరగ్గొట్టగల శక్తి, ఇవన్నీ మధ్యలో అడ్డుపడతాయి. శాస్త్రానికి ఇది కొత్త సంగతేమీ కాదు. అయినా మన హార్బర్ల మీద వచ్చే వ్యాసాలు చాలావాటిలో బురదను ఆమ్లంలో కరిగించి, వచ్చిన అంకెల్ని పట్టికలో పెట్టడంతోనే పని ముగుస్తోంది.

లాస్ ఏంజెలెస్ దగ్గరి టోరెన్స్‌లో మాంట్రోస్ కెమికల్ కంపెనీ 1947 నుంచి 1982 దాకా డీడీటీ తయారుచేసింది. దాని వ్యర్థజలం 1970ల తొలినాళ్ల వరకు కౌంటీ మురుగుగొట్టాల్లో కలిసి, పాలోస్ వెర్డెస్ ద్వీపకల్పం ఎదుట సుమారు 60 మీటర్ల లోతున సముద్రంలోకి చేరింది. అలా చేరిన డీడీటీ సుమారు 1,700 టన్నులని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా. మురుగులోని నలుసులకు అంటుకుని అది అడుగుకు దిగింది. ఇప్పుడు అక్కడ ఎక్కువగా ఉన్నది డీడీటీ కాదు, దాని నుంచి పుట్టిన డీడీఈ.

డీడీఈకి నీళ్లంటే పడదు. నీటినీ ఆక్టనాల్ అనే నూనెలాంటి ద్రవాన్నీ పక్కపక్కన పెడితే, నీటిలో ఉండేదానికి పది లక్షల రెట్లకు పైగా ఆక్టనాల్‌లోకే పోతుంది. సముద్రగర్భంలో ఆ పాత్ర రెండింటిది: బురదలోని సేంద్రియ కార్బన్, ప్రాణి ఒంట్లోని కొవ్వు. రసాయనం ఈ రెండింటి మధ్య, బురద రేణువుల సందుల్లో ఉండే కొద్దిపాటి నీటి మీదుగా, సర్దుకుంటుంది. డి టోరో బృందం 1991లో వివరంగా ప్రతిపాదించిన సమతాస్థితి విభజన సిద్ధాంతం సారం ఇదే. దాని ప్రకారం కొవ్వులోని గాఢతను కార్బన్‌లోని గాఢతతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 1, 2ల మధ్య ఉండాలి.

లెక్క వేసి చూద్దాం. పొడిబురద గ్రాముకు 1,000 నానోగ్రాముల డీడీఈ ఉందనుకుందాం. సేంద్రియ కార్బన్ 2 శాతమైతే, గ్రాము కార్బన్‌కు 50,000 నానోగ్రాములు. నిష్పత్తి 1 అనుకుంటే పురుగు కొవ్వులోనూ గ్రాముకు అంతే. పచ్చి ఒంటి బరువులో కొవ్వు 1 శాతమైతే గ్రాము పురుగులో 500 నానోగ్రాములు. ఇక డీడీఈ అంతే ఉండి కార్బన్ అర శాతమే ఉన్న ఇసుకబురదను తీసుకోండి. అదే పురుగు ఒంట్లో 2,000 తేలుతుంది. పట్టికలో రెండు బురదల అంకె ఒకటే, కానీ రెండో బురదలోని పురుగుల్ని తిన్న చేపకు నాలుగింతలు అందుతుంది.

కార్బన్ అంతా ఒక్క తీరున ఉండదు కూడా. మసి, బొగ్గు నలుసులు పీసీబీలనూ (క్లోరిన్ ఉన్న పారిశ్రామిక రసాయనాలు) పీఏహెచ్‌లనూ (చమురులోనూ మసిలోనూ ఉండే రసాయనాలు) మామూలు కుళ్లు పదార్థం కంటే ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటాయి. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని హంటర్స్ పాయింట్ నౌకాకేంద్రం దగ్గరి పీసీబీ బురదలో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన రిచర్డ్ లూతీ బృందం ఉత్తేజిత కార్బన్ పొడి కలిపి చూసింది. బురదలోని మొత్తం పీసీబీ తగ్గలేదు. అందులో పెంచిన పురుగుల్లోనూ ఆల్చిప్పల్లోనూ చేరేది మాత్రం భారీగా పడిపోయింది. మొత్తం అంకెనే నమ్ముకున్నవాడికి ఆ బురద శుద్ధి అయినట్టే తెలియదు.

సమతాస్థితి సిద్ధాంతం అందంగా ఉంటుంది కానీ అందులో ప్రాణి ఊరికే నానుతున్న కొవ్వు ముద్ద. నిజానికి అది తింటుంది. ఆరెనికోలా అనే పురుగు ఇసుకలో వంపు తిరిగిన బొరియ చేసుకుని, తల కిందికి పెట్టి బురద మింగుతూ, తోకవైపు చుట్టలు చుట్టలుగా పైకి విసర్జిస్తుంది. లారెన్స్ మేయర్ బృందం 1990లలో ఈ పురుగు పేగు నుంచి జీర్ణరసం తీసి, దాన్ని నేరుగా కలుషిత బురదతో కలిపి చూసింది. వట్టి సముద్రజలం కదిలించలేని రాగి, పీఏహెచ్‌లు ఆ రసంలోకి వచ్చేశాయి. జీర్ణరసంలోని అమైనో ఆమ్లాలు రాగిని పట్టుకుంటాయి. సబ్బులా పనిచేసే అణువులు నూనెగుణమున్న రసాయనాల్ని బురద రేణువు నుంచి ఊడదీస్తాయి. పైగా బురద తినే పురుగులు ఏదిపడితే అది మింగవు. చాలావరకు సన్నటి, సేంద్రియం దట్టంగా పట్టిన రేణువుల్నే ఏరుకుంటాయి, విషం ఎక్కువగా అంటుకుని ఉండేదీ వాటికే. మనం గరిటతో తీసి కలిపేసిన నమూనా, పురుగు నోటిలోకి పోయే బురద ఒకటి కావు.

లోహాల దగ్గర తగువు ఇంకా ముదిరింది. గాలి ఆడని బురదలో సల్ఫైడ్ ఉంటుంది. అది కాడ్మియం, సీసం, జింక్, రాగి లాంటివాటిని కరగని రూపంలో బిగిస్తుంది. ఆమ్లానికి లొంగే సల్ఫైడ్, దానితోపాటు బయటపడే లోహాల కంటే ఎక్కువ ఉంటే ఆ లోహాలు ప్రాణికి అందవన్నది ఒక వర్గం మాట. చనిపోయిన ప్రాణుల్ని లెక్కించే ప్రయోగాల్లో అది నిలబడింది. 2000లో లీ, లుయోమా, వాళ్ల సహచరులు ‘సైన్స్’ పత్రికలో వేరే ఫలితం చూపారు. సల్ఫైడ్ పుష్కలంగా ఉన్నా, బురదను మింగే జీవుల్లో లోహాలు పేరుకున్నాయి, తిండి దారినే. చావును కొలిచినవాళ్లకూ సంచయాన్ని కొలిచినవాళ్లకూ వేర్వేరు జవాబులు రావడంలో వింత లేదు. చావకుండా మోసుకు తిరిగే పురుగే చేపకు పెద్ద ప్రమాదమని నా అభిప్రాయం.

కార్న్‌వాల్‌లోని రెస్ట్రాంగెట్ క్రీక్ దీనికి సాక్ష్యం. గనుల నుంచి వచ్చిన రాగితో నిండిన ఆ బురదలో నెరీస్ పురుగులు తరాల తరబడి బతుకుతున్నాయి. అవి రాగికి తట్టుకునేలా మారాయని బ్రయన్, హమ్మర్‌స్టోన్ 1971లోనే రాశారు. తట్టుకోవడమంటే లోపలికి రానివ్వకపోవడమే కాదు. కణాల్లో రేణువులుగానో, మెటల్లోథయోనిన్ లాంటి ప్రోటీన్లకు కట్టేసో, లోహాన్ని తనకు హాని చేయని రూపంలో దాచుకోవడం కూడా.

పీఏహెచ్‌ల విషయంలో జాతికీ జాతికీ మధ్య తేడా మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. చేపలు వాటిని త్వరగా విరగ్గొట్టి బయటకు పంపేస్తాయి. చాలా పాలీకీట్ పురుగులు కూడా కొంతవరకు ఆ పని చేస్తాయి. ఆల్చిప్పలకు ఆ శక్తి తక్కువ, అందుకే పీఏహెచ్ వాటిలో నిలవ ఉంటుంది. డీడీఈనీ, క్లోరిన్ ఎక్కువున్న పీసీబీలనీ మాత్రం వీటిలో ఏదీ పెద్దగా విరగ్గొట్టలేదు. అందుకే అవి ఒక నోటి నుంచి ఇంకో నోటికి పెరుగుతూ పోతాయి, పీఏహెచ్‌లు పోవు.

పాలోస్ వెర్డెస్‌లో ఇంకో చిక్కు ఉంది. అక్కడ డీడీటీ ఎక్కువగా ఉన్న పొర పైన లేదు, చాలాచోట్ల సుమారు ఒక అడుగు లోతున ఉంది. దాన్ని కప్పింది ఆ తర్వాతి ఏళ్లలో అదే గొట్టం నుంచి వచ్చిన కొంచెం శుభ్రమైన మురుగు, 1956 నుంచి జారుతున్న పోర్చుగీస్ బెండ్ కొండచరియ మట్టి. మురుగు శుద్ధి మెరుగుపడేకొద్దీ ఆ కప్పు పడటం తగ్గింది. లోతుగా బొరియలు చేసే గోస్ట్ ష్రింప్‌ల లాంటి జీవులు కింది బురదను పైకి తోడేస్తాయి. ఇంకోవైపు, డీడీఈకి ఇక మార్పు లేదనుకుంటున్న కాలంలో, అదే బురదలోని సూక్ష్మజీవులు గాలి లేనిచోట దాన్ని డీడీఎంయూగా మారుస్తాయని 1998లో తేలింది. పొర లోతుగా ఉంటే ఈ మార్పుకు వ్యవధి దొరుకుతుంది, పైకి వస్తే పురుగులకు దొరుకుతుంది.

మన దగ్గరికొస్తే, విశాఖపట్నం లోపలి హార్బర్ 1933లో తెరుచుకుంది. మూతి ఇరుకు, నీటి మార్పిడి తక్కువ. ఊరి మురుగు, చుట్టూ వెలసిన చమురుశుద్ధి, ఎరువులు, జింక్ పరిశ్రమల వ్యర్థాలు దశాబ్దాలుగా అక్కడి బురదలోకి చేరాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఎ.వి. రామన్, పి.ఎన్. గణపతి 1983లో ప్రచురించిన అధ్యయనం ఆ హార్బర్ పాలీకీట్‌ల మీదే. కాలుష్యం ముదిరినచోట కాపిటెల్లా కాపిటాటా విస్తరించిందని వాళ్లు గమనించారు. ఆ పురుగు జాతి సమూహం పీఏహెచ్‌లను విరగ్గొట్టడంలో దిట్ట అని తర్వాత వేరేచోట్ల ప్రయోగాల్లో తెలిసింది. కాబట్టి లోపలి హార్బర్ కాపిటెల్లాలో పీఏహెచ్ తక్కువగా కనిపిస్తే దాన్ని బురద మంచిదనడానికి రుజువుగా తీసుకోలేం. అదేచోట ఒక ఆల్చిప్పనూ చూడాలి.

మన వ్యాసాల్లో తరచు కనిపించే కొలబద్ద ఎడ్వర్డ్ లాంగ్ బృందం 1995లో ఇచ్చిన కింది, పై హద్దులు: జింక్‌కు 150, 410 పీపీఎం, సీసానికి 46.7, 218 అన్నట్టు. అవి ఉత్తర అమెరికా తీరాల సమాచారం నుంచి కట్టినవి, మొత్తం గాఢత మీద ఆధారపడినవి. పైగా అవి బురద ప్రాణికి హాని చేసే అవకాశాన్ని చెప్పడానికి పెట్టినవే కానీ సంచయాన్ని చెప్పడానికి కాదు. వాటిని వాడొద్దని కాదు, వాటి పక్కన సేంద్రియ కార్బన్, మసి కార్బన్, ఆమ్లానికి లొంగే సల్ఫైడ్ కూడా ఉంటే ఆ పట్టిక పనికొస్తుంది. డ్రెడ్జింగ్‌కు ముందూ తర్వాతా తీసిన నమూనాలైతే మరీ మేలు. సల్ఫైడ్‌తో బిగిసి ఉన్న బురదను కలియబెట్టి ఆక్సిజన్ తగలనిస్తే, అంతదాకా కదలని లోహాల్లో కొంత నీటిలోకి వస్తుంది.

ప్రాణుల నమూనాల్లో ఇంకో చిన్న జాగ్రత్త ఉంది, తరచు దాటేస్తారు. పురుగునూ ఆల్చిప్పనూ తెచ్చిన వెంటనే ఎండబెట్టి కరిగించకూడదు. శుభ్రమైన సముద్రజలంలో ఒక రోజు ఉంచి పేగు ఖాళీ కానివ్వాలి. అలా ఆగకుండా చేసిన పట్టికల్లో అల్యూమినియం, ఇనుము అంకెలు మరీ పెద్దవిగా కనిపిస్తాయి. అవి ఒంటికి పట్టినవి కావు, ఇంకా పేగులోనే ఉన్న బురదవి.