రంగంలో పిజ్జా కోసం

మనలో ఎవరు కొత్త ఊరికి మారినా మొదట వెతుక్కునేవి మూడు: ఇల్లు, పిల్లలకు బడి, మంచి పిజ్జా దొరికే చోటు. మూడోది పిల్లల కోరికే అనుకుంటాం గానీ, నెల తిరిగేసరికి మనకీ అదే ధ్యాస. పాతికేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్న నాకు ఈ వెతుకులాట బాగా అలవాటు. 2016 డిసెంబరులో మా అమ్మాయిని తీసుకుని యాంగోన్ వెళ్ళినప్పుడు మాత్రం నేను వెతికింది ఒకటి, తను వెతికింది మరొకటి.

యాంగోన్ అంటే పాత రంగూన్. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు మా పెద్దవాళ్ళు దాన్ని "రంగం" అనేవారు. మా తాతయ్య కళింగపట్నం దగ్గర పల్లె నుంచి ఓడెక్కి రంగం వెళ్ళి, బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. తను ఉన్న పేట "కెమెండైన్" అని చెప్పేవాడు. ఇంగ్లీషువాళ్ళు అలా పిలిచిన ఆ పేటే నేటి చిమిండైంగ్. నగరానికి పడమట, హ్లైంగ్ నది ఒడ్డున ఉంది. "సాయంత్రం స్టేషను దగ్గర బజారులో వేడి వేడి దోసెలు దొరికేవిరా" అని తాతయ్య చెప్పిన ముక్క నాకు గుర్తుండిపోయింది. నేను వెళ్ళింది ఆ దోసె కోసం.

మా అమ్మాయికి పధ్నాలుగేళ్ళు. మూడోరోజుకల్లా దానికి అన్నం మొహం మొత్తింది. అమెరికా పిజ్జా కంపెనీ ఒకటి 2015లో అక్కడ దుకాణం తెరిచిందని హోటల్ కుర్రాడు చెప్పగానే మొహం వెలిగింది. చివరికి రాజీ కుదిరింది. ఈ సాయంత్రం నా దోసె, రేపు దాని పిజ్జా.

యాంగోన్ నగరంలో మోటారు సైకిళ్ళకు అనుమతి లేదు. అయినా టాక్సీ గంటసేపు కదల్లేదు. "అసలు పిజ్జా ఎవరిదో తెలుసా?" అని మొదలుపెట్టాను. పిజ్జా నేపుల్స్ నగరంలో పేదవాళ్ళ తిండి. 1880కీ 1920కీ మధ్య 40 లక్షల పైచిలుకు ఇటాలియన్లు అమెరికా వచ్చారు. ఎక్కువమంది దక్షిణ ఇటలీ పల్లెటూళ్ళవాళ్ళు. నాలుగు డబ్బులు కూడబెట్టుకుని తిరిగి వెళ్ళిపోదామని వచ్చినవాళ్ళే చాలామంది. "పద్రోనే" అనే దళారి వాళ్ళకు పని చూపించి, కూలిలో తన వాటా కోసుకునేవాడు. వాళ్ళ తిండిని చూసి ముక్కు మూసుకున్న దేశమే ఇప్పుడు దాన్ని తన తిండి అంటోంది.

మా తాతయ్య కథా ఇంచుమించు అదే. అక్కడ పద్రోనే, ఇక్కడ మేస్త్రీ. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కించేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలి డబ్బు అతని చేతుల మీదుగానే రావాలి. మిల్లు సీజను అయ్యాక కొందరు ఇంటికి వచ్చేవారు, కొందరు అక్కడే ఉండిపోయేవారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళందరికీ "కోరంగీలు" అని పేరు పడింది. ఆ పిలుపులో గౌరవం తక్కువ. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం సుమారు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులు. 1920లలో వలసవచ్చి దిగేవారి సంఖ్యలో రంగూన్ రేవు న్యూయార్కునే మించిందని చరిత్రకారులు రాశారు.

"మరి మనవాళ్ళు ఏమయ్యారు?" అంది మా అమ్మాయి.

1930 మేలో రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలను పనిలోకి దించాయి. సమ్మె తీరాక వాళ్ళని పొమ్మన్నాయి. మే 26న గొడవ రాజుకుంది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. లాభం కంపెనీలకి, చావు పేదవాళ్ళకి. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక లక్షలమంది నడక దారి పట్టారు. మా తాతయ్య ప్రోమ్ మీదుగా అరకాన్ కొండలు దాటి వచ్చాడు. తనతో బయలుదేరిన తమ్ముడు కలరాతో దారిలోనే పోయాడు. ఆ సంగతి తాతయ్య ఒక్కసారే చెప్పాడు. మిగిలినవాళ్ళలో చాలామందిని 1962 తర్వాత సైనిక ప్రభుత్వం చేపట్టిన జాతీయీకరణ వెళ్ళగొట్టింది. 1964లో 50, 100 చాట్ నోట్లు రద్దయ్యాయి. దాచుకున్నది చిత్తుకాగితమైంది. అలా వచ్చినవాళ్ళతోనే విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు వెలిసింది.

చిమిండైంగ్ చేరేసరికి చీకటి పడింది. రోడ్డు పక్కన బుట్టల్లో చేపలు, కూరగాయలు, గుడ్డి దీపాలు. నాలుగుచోట్ల అడిగాక ఒక పెనం దగ్గరికి దారి చూపించారు. బుగ్గలకు తనఖా పూసుకుని, లుంగీ కట్టుకున్న పెద్దావిడ పల్చటి దోసె పోసి, మీద క్యాబేజీ, టమాటా, ఉడికించిన బఠాణీలు చల్లి మడిచింది. బర్మావాళ్ళు దాన్ని "తోషే" అంటారు. వాళ్ళ భాషలో ఆ అక్షరాలకు "పొట్టి, పొడుగు" అని అర్థం వస్తుందట! ఆ పలుకు తమిళుల తోశైకి దగ్గర కాబట్టి హక్కంతా మనదేనని నేను పేచీ పెట్టను.

నేను మా అమ్మాయితో తెలుగులో ఏదో అన్నాను. ఆవిడ చెయ్యి పెనం మీదే ఆగిపోయింది.

"ఏ ఊరు బావూ మీది?"

చెప్పాను. "మా తాతదీ అటేనంట. ఊరి పేరు తెల్దు" అంది. మా అమ్మాయిని పలకరిస్తే అది అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబిచ్చింది. ఆవిడ నవ్వింది. "మా మనవలూ ఇంతే. ఇంటారు గానీ మాటాడరు."

తర్వాత లోపల్నుంచి ఒక కాగితం తెచ్చింది. విశాఖపట్నం నుంచి వచ్చిన పెళ్ళి శుభలేఖ. ఆవిడకు తెలుగు మాటే గానీ అక్షరం రాదు. ఇంట్లో ఎవరికీ రాదు. దేవుడి పటం పక్కన దాచిందట. నేను మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివాను. అది 2014 నాటి పెళ్ళి. అయిపోయి రెండేళ్ళయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తేదీ వినగానే ఆవిడకే తెలిసింది. కాసేపు ఊరుకుని, "భోజనాలు ఎక్కడెట్టారో రాసుందా?" అంది.

డబ్బులు తీసుకోనంది. మా అమ్మాయి రెండు దోసెలు తిని, మూడోది పొట్లం కట్టించుకుంది.

మర్నాడు పిజ్జా కూడా తిన్నాం. బాగానే ఉంది. తింటూ మా అమ్మాయి అడిగింది: "నాన్నా, ఆ కార్డు నేను చదవగలిగేదాన్నా?" చదవలేదు. తెలుగు మాట ఇంట్లో వినిపిస్తే చాలని అక్షరాలు నేర్పడం నేనే వాయిదా వేస్తూ వచ్చాను. ఇంటికి వచ్చాక ఆదివారాలు గుణింతాలు మొదలుపెట్టాం. కొన్ని ఆదివారాలు తప్పుతున్నాయి, ఒప్పుకుంటాను.

మొదటగా సముద్రం దాటింది మనమే అన్నట్టు మన సభల్లో మాట్లాడుకుంటాం. వీసా, డిగ్రీ లేకుండా, భుజం మీద బస్తాతో మనకంటే ముందు వెళ్ళినవాళ్ళు ఉన్నారు. మీ ఇంట్లో ఎవరైనా రంగం వెళ్ళి ఉంటే, ఏ రేవులో ఎక్కారో, ఏ పేటలో ఉన్నారో, సాయంత్రం ఏం తిన్నారో పెద్దవాళ్ళని అడిగి రాసిపెట్టండి. చదవడం పిల్లలకు నేర్పండి.